పాత పిస్టల్ కొనేముందు: ట్రిగ్గర్, సేఫ్టీలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గ్రీన్‌కార్డు వచ్చింది. ఇంటి రక్షణకి, అప్పుడప్పుడు రేంజ్‌లో కాల్చడానికి సెకండ్‌హ్యాండ్ పిస్టల్ చూస్తున్నాను. దుకాణంలో పోలీసులు వాడి మార్చుకున్న గ్లాక్ 17, సిగ్ సావర్ పి226, ఓ కోల్ట్ 1911 చూపించారు. గ్లాక్‌కి సేఫ్టీ మీటే లేదు, 1911కి రెండున్నాయి. 1911 తీసుకుంటేనే క్షేమమా?
– పాఠకుడు, డాలస్

జవాబు: మీటలు లెక్కపెట్టి క్షేమాన్ని తేల్చకండి. ఆ మీట వాడటం మీ చేతికి అలవాటవుతుందా, పాత యజమాని లోపలి భాగాలను కదిలించాడా, ఈ రెండూ చూసుకోండి.

1911 సింగిల్ యాక్షన్. ఎత్తి ఉన్న హ్యామర్‌ను (వెనకున్న సుత్తిని) వదలడమే ట్రిగ్గర్ పని, కాబట్టి నొక్కు పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది. చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) తూటాతో ఉంచాలంటే హ్యామర్ పూర్తిగా ఎత్తి, బొటనవేలి సేఫ్టీ పైకి వేసి ఉంచాలి. కంగారులో ఆ మీట దించడం మరిచిపోతే పేలదు. దించి మళ్లీ వేయడం మరిచిపోతే అంత తేలిక ట్రిగ్గర్‌కి అడ్డుగా పిడి వెనక సేఫ్టీ ఒక్కటే మిగులుతుంది, పిడి పట్టుకోగానే అదీ తొలగిపోతుంది. ఎత్తిన హ్యామర్‌ను పేల్చకుండా దించే మీట, అంటే డీకాకర్, దీనికి లేదు. తూటా ఉండగా హ్యామర్‌ని బొటనవేలితో దించబోతే, వేలు జారితే పేలుతుంది. కోల్ట్ 1983 నుంచి ఇచ్చిన సిరీస్ 80లో, తూటా వెనక పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్‌కి అడ్డు ఉంది, అంతకుముందు సిరీస్ 70లో లేదు.

గ్లాక్‌లో మూడు సేఫ్టీలు ఉన్నాయి: ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుక, ఫైరింగ్ పిన్‌ని ఆపే గుండీ, కిందపడినా స్ట్రైకర్ (గ్లాక్‌లో ఫైరింగ్ పిన్‌కి మరో పేరు) జారకుండా ఆపే ఏర్పాటు. మూడూ ట్రిగ్గర్ నొక్కితేనే తొలగుతాయి. అంటే వేలు పెట్టినా, చొక్కా అంచు ఇరుక్కున్నా దానికి తేడా తెలియదు. ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా గ్లాక్‌ని ఒంటిమీద పెట్టుకోకూడదు. విప్పేటప్పుడు కూడా ట్రిగ్గర్ నొక్కాల్సిందే. మ్యాగజైన్ తీసి, చాంబర్‌లోకి కళ్లతో చూసి, వేలితో తడిమాకే స్లైడ్ (వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం) విప్పండి.

పి226లో మొదటి నొక్కు పొడుగు, బరువు: సుమారు నాలుగున్నర కిలోలు. ఆ తర్వాతివి రెండు కిలోలే. ఎడమవైపున్న డీకాకర్ మీట హ్యామర్‌ను భద్రంగా దించుతుంది. మొదటి తూటాకీ రెండోదానికీ తేడా ఉండటం దీని ఇబ్బంది. కొత్తవాళ్లకి మొదటి తూటా కిందికి పోతుంది. కాల్చాక డీకాక్ చేయకుండా హోల్‌స్టర్‌లో పెట్టేసే పొరపాటూ దీనితోనే ఎక్కువ.

మూడింట్లో మా మొగ్గు పి226 వైపు, కాల్చడం అయ్యాక ప్రతిసారీ డీకాక్ చేసే అలవాటు పెట్టుకుంటే. రేంజ్‌కి తరచూ వెళ్లలేకపోతే గ్లాక్ మేలు, ప్రతి తూటాకీ ఒకటే నొక్కు, గుర్తుపెట్టుకోవాల్సిన మీట లేదు. 1911 మంచి పిస్టలే, కానీ మొదటి పిస్టల్‌గా వద్దు. పైగా సెకండ్‌హ్యాండ్‌లో ట్రిగ్గర్ తేలిక చేయించిన 1911లు చాలా కనిపిస్తాయి.

ఇక కౌంటర్ మీద చేయాల్సిన పరీక్షలు. ముందు దుకాణదారుడి అనుమతి అడగండి. పిస్టల్ ఖాళీగా ఉందని ఇద్దరూ చూడాలి, బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు.

1911కి: హ్యామర్ ఎత్తి సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. సేఫ్టీ తీయండి, ట్రిగ్గర్ ముట్టుకోకండి. హ్యామర్ పడితే ఆ పిస్టల్ అక్కడే వదిలేయండి. పడకపోయినా చెవి దగ్గర పెట్టి హ్యామర్‌ని ఇంకొంచెం వెనక్కి లాగి చూడండి. చిన్న టిక్కు వినిపిస్తే సేఫ్టీ వేసి ఉండగానే, హ్యామర్‌ను పట్టి ఉంచే లోపలి సియర్ కదిలిందన్నమాట. సేఫ్టీ అరిగిపోయింది. పిడి వెనక సేఫ్టీని నొక్కకుండా పట్టుకుని ట్రిగ్గర్ లాగితే హ్యామర్ పడకూడదు. ఎత్తిన హ్యామర్‌ని బొటనవేలితో ఓ మోస్తరుగా ముందుకు తోసినా పడకూడదు.

పి226కి పెన్సిల్ చాలు. గొట్టం పైకి పెట్టి, రబ్బరు చివర లోపలికి వెళ్లేలా పెన్సిల్ వేసి డీకాక్ చేస్తే పెన్సిల్ కదలకూడదు. ట్రిగ్గర్ నొక్కితే ఎగరాలి.

గ్లాక్‌కి: మధ్య నాలుకని తాకకుండా ట్రిగ్గర్ అంచుల్ని మాత్రమే నొక్కితే అది వెనక్కి పోకూడదు. స్లైడ్ విప్పాక స్ట్రైకర్‌ని వెనక్కి లాగి మెల్లగా ముందుకి తోయండి. గుండీ నొక్కనంతవరకు మొన బయటికి రాకూడదు. నొక్కి పట్టుకుని ఊపితే స్ట్రైకర్ గలగలమని స్వేచ్ఛగా ఆడాలి. ఫ్యాక్టరీ నొక్కు సుమారు రెండున్నర కిలోలు. ట్రిగ్గర్ బరువు కొలిచే గేజీ మీద బాగా తక్కువ వస్తే కనెక్టరో (ఆ బరువును నిర్ణయించే లోపలి రేకు) స్ప్రింగులో మార్చారు. అసలు భాగాలు ఇస్తారా అని అడగండి, లేదంటే వాటిని వేయించే ఖర్చు ధరలోంచి తగ్గించండి.

పోలీసులు వాడినవాటికి బయట హోల్‌స్టర్ గీతలు ఎక్కువున్నా లోపల అరుగుదల తక్కువగానే ఉంటుంది, గీతలు చూసి భయపడక్కర్లేదు. స్లైడ్‌ను ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ మాత్రం కొన్న రోజే మార్చేయండి. చీకట్లో మెరిసే ట్రిటియం సైట్లుంటే తయారీ తేదీ చూడండి, పన్నెండేళ్లకి వెలుగు సగానికి పడిపోతుంది.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాను. స్నేహితుడు తన పిస్టల్ అమ్ముతానంటున్నాడు. తీసుకోవచ్చా?
– పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: తొందరపడకండి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. వాటికి మీరు వస్తారో లేదో లాయరు చెప్పాలి, స్నేహితుడు కాదు. డీలర్ దగ్గర కొనేటప్పుడు నింపే ఫారం 4473లో ఈ ప్రశ్న సూటిగా ఉంటుంది. తప్పు జవాబు రాస్తే అది మరో నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు, కానీ రాష్ట్ర చట్టాలు వేరుగా ఉంటాయి.

ప్రశ్న: పాత సిగ్ పి320 చవగ్గా వస్తోంది. కిందపడితే పేలుతుందని విన్నాను, నిజమేనా?
– పాఠకురాలు, అట్లాంటా

జవాబు: తొలి పి320లు కొన్ని కోణాల్లో పడితే పేలే అవకాశం ఉందని బయటపడ్డాక, 2017 ఆగస్టులో కంపెనీ ఉచితంగా భాగాలు మార్చే ఏర్పాటు చేసింది. మార్చినవాటికి ట్రిగ్గర్ సన్నగా, తేలిగ్గా ఉంటుంది. కంటిచూపుతో నిర్ణయించకుండా సీరియల్ నంబరు కంపెనీకి ఇచ్చి కనుక్కోండి. కింద పడేసి మాత్రం పరీక్షించకండి. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందంటూ ఆ తర్వాత కూడా కేసులు పడ్డాయి, కంపెనీ ఒప్పుకోలేదు. అదే ధరకి వేరే పిస్టళ్లు దొరుకుతున్నప్పుడు మేమైతే దీని జోలికి వెళ్లం. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ చూస్తుంటే, 2013 ఆగస్టుకు ముందు చేసినవాటికి కూడా ట్రిగ్గర్ సేఫ్టీ తనిఖీ హెచ్చరిక ఉంది. దానికీ సీరియల్ నంబరే ఆధారం.

ప్రశ్న: లైసెన్సు ఉంది. తెలిసినాయన దగ్గర .32 వాల్తర్ పీపీ ఉంది. స్లైడ్ మీద మీట దించితే హ్యామర్ దానంతటదే పడుతోంది. తూటా ఉండగా అలా దించినా ఫర్వాలేదా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ పిస్టల్ కట్టిన తీరే అది. మీట దిగేటప్పుడు ఫైరింగ్ పిన్‌కి అడ్డుపడి హ్యామర్‌ను వదులుతుంది. కానీ దశాబ్దాలు వాడిన పిస్టల్‌లో ఆ అడ్డు అరిగో పగిలో ఉండవచ్చు, అప్పుడు హ్యామర్ దెబ్బ నేరుగా పిన్ మీద పడుతుంది. అమెరికాలో 2002 నుంచి 2009 వరకు తయారైన పీపీకేల్ని కూడా, డీకాక్ చేస్తే పేలే ప్రమాదం ఉందని స్మిత్ అండ్ వెసన్ 2009లో వెనక్కి పిలిచింది. పైన చెప్పిన పెన్సిల్ పరీక్ష ఖాళీ పిస్టల్‌తో పదిసార్లు చేయండి. ఒక్కసారి పెన్సిల్ కదిలినా కొనవద్దు. నిలిచినా సరే, తూటా ఉండగా డీకాక్ చేయాల్సివస్తే గొట్టం ఇసుక బస్తా వైపే ఉండాలి. ఇంట్లో చాంబర్ ఖాళీగా ఉంచడమే దీనికి మంచి పద్ధతి. స్లైడ్ వెనక పొడుచుకొచ్చే చిన్న పిన్ తూటా ఉందని సూచిస్తుంది, కానీ పిన్ రాలేదు కదా అని ఖాళీ అనుకోకండి.

అమ్మే ఆయన డీలర్ కాకపోతే, ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం అమ్మే ఉద్దేశాన్ని జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత ఒక లైసెన్సుదారుకి రెండు తుపాకులే పరిమితి. మీ దగ్గర ఇప్పటికే రెండుంటే ఒకటి అప్పగించాకే ఇది లైసెన్సులోకి ఎక్కుతుంది.