బడిలో ఇచ్చే ఐరన్ గోలీ వేసుకుంటే మా పాపకు వికారం వస్తోంది, మాన్పించమంటారా?

మాన్పించకండి. ముందు పాప ఏం తిని గోలీ వేసుకుందో అడగండి. దేవరకొండ వైపు పల్లెల్లో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. గోలీతో వికారమన్న పిల్లల్లో ఎక్కువమంది ఖాళీ కడుపుతో మింగినవాళ్లే.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పొద్దున ప్రార్థనలో కూలబడిపోయింది. నీడకు తీసుకెళ్లి కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. "ఏం తిన్నవ్ బిడ్డా?" అంటే "చాయ్ తాగిన సార్" అంది. అమ్మానాన్న తెల్లారకముందే పత్తి ఏరబోయారట. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2. ఆ వయసుకు 12 ఉండాలి. డాక్టర్ రోజూ వేసుకోమని గోలీలు రాస్తే వాళ్ల నాయనమ్మ బడికొచ్చి, "వద్దు సార్, కడుపుల తిప్పుతదంట, దొడ్డికి నల్లగ పోతాందంట" అని ఒకటే గోల. నల్లగా పోయేది ఇనుము వల్లే, భయం లేదని కూర్చోబెట్టి చెప్పాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక నా ఎదురుగానే మింగించాం. పొద్దున చాయ్ మాని రొట్టె, పప్పు తినడం మొదలుపెట్టింది. తిప్పడం తగ్గింది, కొన్ని నెలలకు రక్తం 10 దాటింది.

నన్నడిగితే అసలు దోషి ఈ చాయే. అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మా దగ్గర నడక రాని పిల్లలకు కూడా చాయ్‌లో బిస్కెట్ ముంచి పెడతారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే బడి గడప తొక్కకముందే నెత్తురు తక్కువ. పెరట్లో మునగచెట్టు ఉన్నా ఆకు కోసి పప్పులో వేసే ఓపిక ఎవరికీ లేదు, ఐదు రూపాయల ప్యాకెట్లు మాత్రం పొద్దున్నే కొంటారు.

బడుల తప్పూ ఉంది. పదేళ్లు దాటినవాళ్లకు వారానికొక నీలం గోలీ, చిన్నవాళ్లకు గులాబీ రంగుది ఇవ్వాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట గోలీలు చేతిలో పెట్టి, ఫొటో తీసి, రిజిస్టర్ నింపేసేవాళ్లు. కిటికీ వెనక గడ్డిలో ఆ నీలం గోలీలు నేనే ఏరాను. అడిగితే "పంచడం వరకే మన పని" అన్నారు. ఎంత కోపం వచ్చిందో!

మీ పాపకు అన్నం తిన్నాకే, మంచినీళ్లతో ఇవ్వమని టీచర్‌కు గట్టిగా చెప్పండి. గోలీకి ముందూ వెనకా గంటసేపు చాయ్ వద్దు. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వేయించండి, కొంకిపురుగులు పేగుల్లో నెత్తురు తాగుతాయి. అన్నం తిన్నాక వేసినా వాంతులవుతుంటే ఆరోగ్య కేంద్రంలో చూపించి, రక్తం ఎంతుందో కూడా అప్పుడే పరీక్ష చేయించండి.