పాత జపనీస్ రక్తపిశాచి యానిమేషన్ సినిమాలకు ఇప్పటికీ అంత ఆదరణ ఎందుకు?

వాటిలో భయం కన్నా విషాదం, చేత్తో గీసిన బొమ్మల అందం ఎక్కువ కాబట్టి.

జపాన్‌లో 1980ల్లో నేరుగా వీడియో క్యాసెట్ల కోసమే యానిమేషన్ తీయడం మొదలైంది. టీవీ ఆంక్షలు లేవు కనుక దర్శకులు నెత్తుటినీ చీకటినీ ఒంటరితనాన్నీ దాచకుండా చూపగలిగారు.

1985లో వచ్చిన ‘వాంపైర్ హంటర్ డి’నే తీసుకోండి. హిదెయుకి కికుచి నవల దానికి ఆధారం. నవలకు బొమ్మలు వేసింది యొషితాకా అమానో. కథ జరిగేది క్రీ.శ. 12,090లో. ఒకపక్క పాతకాలపు కోటలు, కత్తులు, మరోపక్క యంత్ర గుర్రాలు, లేజర్లు. కథానాయకుడు డి సగం మనిషి, సగం రక్తపిశాచి. తండ్రి జాతినే వేటాడతాడు, అయినా మనుషులు అతన్ని తమవాడిగా చూడరు. ఎవరికీ చెందని ఆ బాధే చూసేవాళ్లను పట్టేస్తుంది. యొషియాకి కవాజిరి దర్శకత్వంలో 2000లో వచ్చిన రెండో సినిమా బొమ్మల పనితనంలో దీన్ని మించిపోయింది. ఒక్కటే చూసే తీరిక ఉంటే నిస్సందేహంగా అదే చూడాలి.

యానిమేషన్ కదా అని చాలామంది వీటిని పిల్లల సినిమాలనుకుంటారు. కానే కావు. హింస బాగా ఉంటుంది, మొదటి సినిమాలో నగ్న దృశ్యాలు కూడా ఉన్నాయి. చిన్నపిల్లలకు చూపించకండి.