ఇంజిన్ విప్పిన అబ్బాయిని ఆపకండి, కొలిచి బిగించడం నేర్పించండి

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ బండ్లంటే పిచ్చి. ఈ సెలవుల్లో మా పాత పెట్రోల్ కారు హీట్ ఎక్కుతోందని, హెడ్ గాస్కెట్ పోయి ఉంటుందని వీడియోలు చూసి ఇంట్లోనే ఇంజిన్ హెడ్ విప్పాడు. కొత్త గాస్కెట్, కొత్త టైమింగ్ బెల్ట్ వేశాడు. బిగించేటప్పుడు ఒక హెడ్ బోల్టు విరిగి బ్లాకులో ఉండిపోయింది. దాన్ని లేత్ షాపు వాళ్లతో తీయించి మళ్లీ అంతా బిగించి స్టార్ట్ చేస్తే గట్టిగా శబ్దం వచ్చి ఇంజిన్ ఆగిపోయింది. వాల్వులు వంగిపోయాయని మెకానిక్ అన్నాడు. మొత్తం ఖర్చు రూ.40 వేలు దాటింది. ఇక కారు ముట్టుకోవద్దని చెప్పాను. వాడేమో ఆటోమొబైల్ లైన్లోకే వెళ్తానంటున్నాడు. ఇంత నష్టం చేసినవాడికి ఈ లైన్ సరిపోతుందా? ఎలక్ట్రిక్ కార్లు వస్తుంటే ఇంజిన్ పని నేర్చుకోవడం దండగ కాదా?
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది. రూ.40 వేలు చిన్న మొత్తం కాదు. అయినా మీ ఉత్తరం చదివాక మీ అబ్బాయికి ఈ లైన్ సరిపోదని నాకు అనిపించలేదు. వాడికి స్పానర్ పట్టడం వచ్చు. కొలిచి బిగించడం, బిగించాక సరిచూసుకోవడం ఇంకా రాలేదు. ఈ లైన్లో జీతం వచ్చేది ఆ రెండో పనికే. నేర్పేవాళ్లుంటే అది వస్తుంది. ఎక్కడ తేడా జరిగి ఉంటుందో ముందు చెబుతాను. దాన్ని మీరిద్దరూ కూర్చుని చదవండి. చదువు సంగతి ఆ తర్వాత.

మొదటి ప్రశ్న మీరే వాడిని అడగండి. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సందు మూసే పొర) పోయిందని ఎలా తెలిసింది? కారు హీట్ ఎక్కడానికి థర్మోస్టాట్ మూసుకుపోవడం, రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోవడం, వాటర్ పంప్ పాడవడం, ఎక్కడో కూలెంట్ కారడం లాంటి కారణాలు చాలా ఉంటాయి. గాస్కెట్ పోతే సాధారణంగా గుర్తులు వేరేగా కనిపిస్తాయి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపినట్టు మారుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు వస్తాయి. ఆ పైన కంప్రెషన్ టెస్టర్ పెట్టి ఒక్కో సిలిండర్ చూస్తారు. ఇవేవీ చూడకుండా హెడ్ విప్పి ఉంటే అసలు నష్టం అక్కడే మొదలైంది. ఇంటి దగ్గర రిపేర్లలో డబ్బు ఎక్కువగా పోయేది అవసరం లేని భాగాన్ని విప్పడం వల్లనే. చూసే విప్పానని కారణాలతో సహా చెప్పగలిగితే మాత్రం వాడి బుర్ర సరైన దారిలోనే ఉందని నమ్మండి.

ఇక విరిగిన బోల్టు. వాడు చూసిన వీడియో అమెరికా వాళ్లదేమో కనుక్కోండి. అక్కడ బిగింపును ఫుట్-పౌండ్లలో చెబుతారు. మన దగ్గర మాన్యువల్స్‌లో న్యూటన్ మీటర్లు, కొన్ని పాతవాటిలో కేజీ-మీటర్లు ఉంటాయి. 1 ఫుట్-పౌండ్ అంటే దాదాపు 1.36 న్యూటన్ మీటర్లు, 1 కేజీ-మీటర్ అంటే దాదాపు 9.8 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ (ఎంత బిగిస్తున్నామో కొలిచే స్పానర్) మీద తరచూ రెండు స్కేళ్లు పక్కపక్కనే ఉంటాయి. మాన్యువల్‌లో 60 న్యూటన్ మీటర్లని ఉంటే, వాడు ఫుట్-పౌండ్ల స్కేలు మీద 60 పెట్టాడనుకోండి, బోల్టు మీద 81 న్యూటన్ మీటర్ల బిగింపు పడుతుంది. పాత బోల్టు విరగడానికి అది చాలు. అసలు టార్క్ రెంచే లేకుండా చేతి అంచనాతో బిగించి ఉంటే దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. పాతికేళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ చెయ్యి వేరు, డిప్లొమా కుర్రాడి చెయ్యి వేరు. అల్యూమినియం హెడ్ ఉన్న ఇప్పటి ఇంజిన్లలో ఆ మేస్త్రీలు కూడా టార్క్ రెంచ్ వాడాల్సిందే.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. కొన్ని ఇంజిన్లలో హెడ్ బోల్టులు బిగించేటప్పుడు కాస్త సాగేలా తయారుచేస్తారు. ముందు తక్కువ టార్క్‌తో బిగించి, తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెబుతుంది. ఒకసారి సాగిన బోల్టును మళ్లీ వాడితే విరగవచ్చు, లేదంటే సరిగ్గా పట్టకపోవచ్చు. కొన్ని కంపెనీలు ప్రతిసారీ కొత్తవి వేయమంటాయి, కొన్ని పొడవు కొలిచి ఇంత దాటితే మార్చమంటాయి. బోల్టు దిగే రంధ్రంలో నీళ్లో ఆయిలో మిగిలిపోయినా ప్రమాదమే. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవానికి పోయే దారి ఉండదు, బోల్టు దిగేకొద్దీ ఆ ఒత్తిడికి బ్లాకే చిట్లవచ్చు. అందుకే రంధ్రాల్ని గాలి కొట్టి ఆరబెట్టమంటారు. కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా ఆ పని చేయనివ్వకండి. బిగించే వరస కూడా ముఖ్యం. సాధారణంగా మధ్యలో మొదలుపెట్టి బయటికి, రెండు మూడు దఫాల్లో బిగిస్తారు. విప్పేటప్పుడు దానికి తిరుగు వరస. ఒక మూల నుంచి బిగించుకుంటూ పోతే హెడ్ వంకరపోతుంది.

వాల్వుల విషయమే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే పది నిమిషాల ఓపికతో ఆగే నష్టం అది. చాలా ఇంజిన్లలో వాల్వు కిందికి వచ్చే చోటికే పిస్టన్ కూడా పైకి వస్తుంది, వేర్వేరు సమయాల్లో. ఆ సమయాన్ని కాపాడేది టైమింగ్ బెల్ట్. స్విఫ్ట్‌లో వచ్చిన కె-సిరీస్ లాంటి ఇంజిన్లలో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది. క్రాంక్ (పిస్టన్లతో తిరిగే షాఫ్ట్) గేరు గుర్తు, క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) గేరు గుర్తు సరిగ్గా కలవకుండా బెల్ట్ కొన్ని పళ్లు తప్పితే పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. బోల్టు తీయించే హడావుడిలో క్యామ్ కదిలి ఉండవచ్చు. ఎలా తప్పినా పట్టుకునే ఉపాయం ఒకటుంది. బెల్ట్ వేసి టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా ఉంచే భాగం) బిగించాక, స్పార్క్ ప్లగ్గులు తీసేసి, క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజిన్ మామూలుగా తిరిగే దిక్కులోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, గుర్తులు మళ్లీ కలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలం వాడకుండా ఆగి వెనక్కి చూడాలి. చేత్తో తిప్పితే అడ్డు తెలిసేది కాస్తా సెల్ఫ్ కొట్టేసరికి వాల్వు వంగేదాకా తెలియలేదు.

చిన్నవి కొన్ని. పాత గాస్కెట్ ముక్కల్ని ఎమెరీ కాగితంతో రుద్ది తీస్తే అల్యూమినియం మీద గుంటలు పడతాయి, ఆ రజను ఆయిల్‌లోకి పోయి బేరింగుల్ని తింటుంది. కారకూడదని అనాబాండ్ (అతుకుల మధ్య పూసే జిగురు) దట్టంగా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి ఆయిల్ పంప్ జల్లెడకు అడ్డం పడతాయి. ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు పాతదాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో చూడాలి, రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే ఆయిల్ మొత్తం రోడ్డు పాలు.

మళ్లీ కారు ముట్టుకోనివ్వాలా అంటే, ఇవ్వండి. కానీ ముందు ప్రాణం సంగతి. జాకీ ఒక్కదాని మీద లేపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు ఉండాలి. ఇటుకలు పనికిరావు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకూడదు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ వైరు ముందు, బిగించేటప్పుడు అది చివర.

ఇంట్లో వాడు చేయదగ్గ పనులు ఎయిర్ ఫిల్టర్, ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్, బ్యాటరీ. ఒక ఏడాది ఇవే చేయనివ్వండి. టైమింగ్, హెడ్, డీజిల్ ఇంజెక్టర్లు, ఎయిర్‌బ్యాగులు ఇంట్లో వద్దు. కామన్ రైల్ డీజిల్ పైపుల్లో ఒత్తిడి 1,000 బార్‌లకు పైగా వెళుతుంది. సన్నటి లీకు చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. మంచి టార్క్ రెంచ్ ఒకటి, మీ కారు మోడల్‌కు సరిపోయే సర్వీస్ మాన్యువల్ కొనివ్వండి. కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో బిగింపు లెక్కలన్నీ ఉండవు. ఇంకా, ఒక నోటుబుక్కు పెట్టించండి. తేదీ, ఏ భాగం, పార్టు నంబరు, ఎంత టార్క్, విప్పేముందు తీసిన ఫొటో. రేపు ఇంటర్వ్యూలో ఆ పుస్తకం ముందు పెడితే సర్టిఫికెట్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

ఇక చదువు. వాడు డిప్లొమా పూర్తి చేయాలి, మధ్యలో వదిలి షెడ్డులో చేరకూడదు. సెలవుల్లో మాత్రం షెడ్డుకు వెళ్లాలి. మీకు విజయవాడ దూరం కాదు. అక్కడి జవహర్ ఆటోనగర్‌లో ఇంజిన్ పనీ, బోరింగ్ పనీ, హెడ్ ఫేసింగ్ చేసే షాపులు వరసగా ఉన్నాయి. తెలిసినవాళ్ల ద్వారా ఒక మంచి మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా పెట్టించండి, జీతం అడగవద్దు. డిప్లొమాలో వచ్చే ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌ను ఊరికి దగ్గరని ఏదో ఒక చోట ముగించకుండా కంపెనీ సర్వీస్ సెంటర్లోనో, తయారీ ప్లాంటులోనో చేసేలా చూడండి. డిప్లొమా అయ్యాక రెండు దారులు. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. లేదా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకుని స్టైపెండ్‌తో ఏడాది పని నేర్చుకోవచ్చు. మీ అబ్బాయి లాంటి చేతిపని ఇష్టమున్నవాడికి నా సలహా ముందు అప్రెంటిస్‌షిప్. ఆ ఏడాదిలో డిజైన్ వైపు ఆసక్తి ఉందని తెలిస్తే ఈసెట్ రాయవచ్చు. అంతదాకా లెక్కలు మర్చిపోకుండా రోజూ గంట చదవాలి.

ఎలక్ట్రిక్ కార్ల భయం గురించి. ఇవాళ రోడ్డు మీదున్న పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ బళ్లన్నింటికీ ఇంకా ఎన్నో ఏళ్లు రిపేర్లు కావాలి. హైబ్రిడ్ కార్లలోనూ ఇంజిన్ ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బళ్లకు సెన్సర్లు ఎక్కువ, బండిలోని లోపాలు చూపించే స్కానర్ చదవడం రాని మెకానిక్‌కు పని తగ్గుతోంది. కాబట్టి వాడు ఇంజిన్‌తో పాటు వైరింగ్, మల్టీమీటర్, స్కానర్ నేర్చుకోవాలి. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు ప్లాంట్లున్నాయి. అలాంటి అసెంబ్లీ లైన్ల మీద ముఖ్యమైన బోల్టులను నిర్ణయించిన టార్క్‌కే బిగిస్తారు. బ్యాటరీ ప్యాక్ బోల్టులకైనా ఇదే నియమం.

చివరగా, మీ కారు రిపేరై ఇంటికొచ్చాక మొదటి వారం రోజూ ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్, ఆయిల్ మట్టం చూడాలి. కూలెంట్ తగ్గుతుంటే లోపల గాలి మిగిలి ఉండవచ్చు లేదా ఎక్కడో కారుతుండవచ్చు, మెకానిక్‌కు వెంటనే చెప్పండి. ఇంజిన్ లోపల పని జరిగింది కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మామూలు గడువుకంటే ముందే మార్చించడం మంచిది, ఎన్ని కిలోమీటర్లకో రిపేర్ చేసిన మెకానిక్‌ను అడగండి. ఆ పని మీరు పక్కన నిలబడి, అబ్బాయితోనే చేయించండి.