రెండు సర్వర్లున్నా బిల్లింగ్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది మందుల ఏజెన్సీ. బిల్లింగ్ ఆగకూడదని రెండు లినక్స్ మెషీన్ల మీద మరియాడీబీ గలేరా క్లస్టర్ (ఒకే డేటాబేస్‌ను అన్ని మెషీన్లలోనూ ఒకేలా ఉంచే ఏర్పాటు) పెట్టుకున్నాం. మొన్న ఒక సర్వర్‌లో పవర్ సప్లై కాలిపోయింది. రెండోది ఆన్‌లోనే ఉన్నా ఏ క్వెరీ ఇచ్చినా 1047 ఎర్రర్ వచ్చింది. ఇక రెండు పెట్టుకుని ఏం లాభం?

జవాబు: మీ రెండో సర్వర్ చెడిపోలేదండీ, కావాలనే ఆగింది. గలేరాలో నోడ్‌కి, అంటే క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్‌కి, ఒక ఓటు. సగానికి మించి ఓట్లు ఉన్న వైపే పని సాగుతుంది. రెండింట్లో ఒకటంటే సగమే. ఒక నోడ్ ఉన్నట్టుండి మాయమైతే అది కాలిపోయిందో, మధ్యలో కేబుల్ ఊడిందో మిగిలినదానికి తెలియదు. కేబుల్ ఊడినప్పుడు రెండూ ఎవరి బిల్లులు అవి కొట్టుకుంటూ పోతే ఉన్న ఒక్క పెట్టె మందూ రెండుచోట్ల అమ్ముడవుతుంది. తర్వాత ఆ లెక్కలు కలపడం నరకం. అంతకంటే ఆగిపోవడమే నయం. మీరే పద్ధతిగా షట్‌డౌన్ చేసి ఉంటే మొదటిది చెప్పి వెళ్లేది, రెండోది నడుస్తూనే ఉండేది.

కాబట్టి మూడో ఓటు తప్పనిసరి. దానికోసం ఇంకో పెద్ద సర్వర్ కొననక్కర్లేదు. గలేరాతో పాటే వచ్చే గార్బ్‌డీ అనే ప్రోగ్రామ్‌ను పాత డెస్క్‌టాప్ మీద నడిపినా చాలు. అది డేటా దాచదు, ఓటు మాత్రం వేస్తుంది. ఉన్న రెండు సర్వర్లలో ఒకదాని మీదే దాన్ని పెట్టకండి, ఆ మెషీన్ పోతే రెండు ఓట్లూ పోతాయి. నోడ్ల మధ్య 4567, 4568, 4444 పోర్టులు (నెట్‌వర్క్ దారులు) ఫైర్‌వాల్‌లో తెరిచి ఉండాలి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతదైతే టేబుళ్లన్నీ ఇన్నోడీబీ అనే స్టోరేజ్ పద్ధతిలోనే ఉన్నాయా, ప్రతిదానికీ ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్) ఉందా అని కూడా చూడండి.

అసలు జాగ్రత్త కరెంటు పోయి అన్నీ ఒకేసారి ఆగినప్పుడు కావాలి. ఆ టెన్షన్‌లో చేతికందిన మెషీన్‌తో క్లస్టర్ మొదలుపెడతారు. అది వెనకబడిన నోడ్ అయితే చివరి బిల్లులు గల్లంతే. డేటా ఫోల్డర్‌లో గ్రాస్టేట్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, తెరవండి. సరిగ్గా ఆగని మెషీన్‌లో సీక్వెన్స్ నంబర్ దగ్గర -1, సేఫ్ టు బూట్‌స్ట్రాప్ దగ్గర 0 కనిపిస్తాయి. అప్పుడు డేటా ఉన్న ప్రతి నోడ్‌లోనూ డేటాబేస్‌ను డబ్ల్యూఎస్‌రెప్ రికవర్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే లాగ్‌లో 'రికవర్డ్ పొజిషన్' అనే లైను, దాని చివర ఒక నంబరు వస్తాయి. ఏ మెషీన్‌లో ఆ నంబరు పెద్దదో తాజా బిల్లులు దానిలోనే ఉన్నాయి. ఆ ఒక్కదానిలోనే గ్రాస్టేట్ ఫైలులో సేఫ్ టు బూట్‌స్ట్రాప్ దగ్గరి 0ని 1గా మార్చి, గలేరా న్యూ క్లస్టర్ కమాండ్ ఇవ్వండి. రెండోదాన్ని మామూలుగా స్టార్ట్ చేస్తే అదే వచ్చి కలుస్తుంది. ఈ వరసను కాగితం మీద రాసి సర్వర్ పక్కనే అంటించండి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. క్లస్టర్ బ్యాకప్ కాదు. ఎవరైనా వేర్ (ఏ వరుసలో చెప్పే షరతు) పెట్టడం మరిచి డిలీట్ కొడితే ఆ తప్పు క్షణాల్లో రెండో నోడ్‌కీ చేరిపోతుంది. రోజూ రాత్రి మరియాబ్యాకప్ అనే టూల్‌తో బ్యాకప్ తీసి వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఈ ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు ఆ బ్యాకప్‌ను ఖాళీ మెషీన్‌లోకి ఎక్కించి, శనివారం చివరి బిల్లు కనిపిస్తోందో లేదో చూడండి.