డాక్టరు మొదట అడిగింది బీడీ గురించి

మీ మామగారికి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకు డాక్టరు థియోఫిలిన్ మాత్ర రాశారని, దానిని ఎలా వాడితే ప్రమాదం ఉండదని, మిగిలిన మందులతో కలిపి వేయవచ్చా అని, భోజనానికి ముందు వేయాలా తరువాత వేయాలా అని మీరు అడిగారు. నేను డాక్టరును కాను. నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయురాలిని. అయితే ఈ ఒక్క మాత్ర గురించి మాత్రం, 2022 దసరా తరువాత మా నాయిన మంచం పక్కన రెండు రాత్రులు మేలుకొని కూర్చున్న మనిషిగా, కొంత గట్టిగానే మాట్లాడగలను.

మా నాయిన మిర్యాలగూడ రైసుమిల్లులో ముప్పై ఏళ్లు హమాలీగా పని చేశాడు. తవుడు దుమ్ము ఒకవైపు, రోజుకు ఒక కట్ట బీడీలు మరొకవైపు కలిసి అరవై దాటేసరికి ఆయనకు దమ్ము పట్టుకున్నది. ఇంటి నుంచి బాయి దాకా నడిస్తే మధ్యలో రెండు చోట్ల కూర్చునేవాడు. డాక్టరు పీల్చే మందుతో పాటు, మెల్లగా కరిగే రకం థియోఫిలిన్ 400 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు ఒకటి చొప్పున రాశారు. పీల్చే మందును ఆయన అటక మీద పెట్టి, మాత్రను మాత్రం దేవుడి ప్రసాదంలాగా తప్పకుండా వేసుకునేవాడు. ఏడాదిన్నర పాటు ఏ ఇబ్బందీ రాలేదు. ఇంతకాలం పడిన మందు ఇకముందు కూడా పడుతుందని మేము అనుకోవడానికి ఆ ఏడాదిన్నరే కారణమైంది.

ఆ ఏడు పెత్రమాస నాడు ఆయన చెర్వుగట్టుకు పోతానని పట్టుబట్టాడు. గుట్ట ఎక్కేటప్పుడు మెట్ల మీద మూడుసార్లు కూలబడి, చివరికి పైకి చేరి, జేబులోని బీడీ కట్టనూ అగ్గిపెట్టెనూ తీసి మా తమ్ముడి చేతిలో పెట్టి, "ఇగ తాగ బిడ్డా, రామలింగేశ్వరుని మీద ఒట్టు" అన్నాడు. నలభై ఏళ్ల అలవాటు ఒక్క పూటలో పోయింది. ఆ సంతోషాన్ని మేము బంధువులందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాము. చెప్పవలసిన ఒకే ఒక్క మనిషికి, అంటే ఆ మాత్ర రాసిన డాక్టరుకు, చెప్పాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

పది రోజులకు దసరా వచ్చింది. జమ్మి పెట్టి వచ్చి, అందరితో అలాయ్ బలాయ్ తీసుకొని, మటన్ కూరతో కడుపు నిండా తిన్నాడు. తెల్లారేసరికి విరేచనాలు మొదలయ్యాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి చూసి, పాత పేపరు ముక్కలో ఎనిమిది గోలీలు పొట్లం కట్టి ఇచ్చి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నాలుగు రోజులు వేయమన్నాడు. రెండో రోజుకే విరేచనాలు కట్టుకున్నాయి. మందు చక్కగా పని చేసింది కాబట్టే దానిని మేము అనుమానించలేదు.

మూడో రోజు నుంచి ఆయన కథ మారింది. రాత్రి కన్ను మూయలేదు, తిన్నది నిలువలేదు, గుండె దడగా ఉన్నదన్నాడు. విరేచనాలతో ఒంట్లో నీళ్లు తగ్గాయనుకొని మావాళ్లు ఓఆర్ఎస్ కలిపి తాగించారు. గొంతు ఆరిపోయి గోలి మింగుడు పడడం లేదని ఆయన అంటే, మందు తప్పితే మళ్లీ దమ్ము ఎక్కుతుందన్న భయంతో మా అమ్మ ఇలాచీలు దంచే ఇత్తడి కల్వంలో థియోఫిలిన్ మాత్రను మెత్తగా నూరి, బెల్లం నీళ్లలో కలిపి పట్టింది.

తమ్ముడు ఫోన్ చేస్తే నేను పొద్దుగూకే వేళకు ఊరు చేరాను. నాయిన మంచం మీద కూర్చొని సాసరును రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా చాయ్ అలలు అలలుగా అంచు దాటి ధోతి మీద పడుతున్నది. చలి పెడుతున్నదా నాయినా అని అడిగితే, "చలి లేదు బిడ్డా, చేతులు నా మాట వింటలేవు" అన్నాడు. కరోనా కాలంలో కొన్న ఆక్సిజన్ చూసే క్లిప్పును వేలికి పెట్టాము. పైన 94 అని చూపింది. ఆ అంకెను చూసి మా తమ్ముడు, "ఆక్సిజన్ మంచిగనే ఉన్నదక్కా, పొద్దుగాల పోదాం" అన్నాడు. దాని కిందనే ఇంకొక అంకె ఉన్నది, 132. అది నాడి. కరోనా రోజుల్లో అందరమూ పై అంకెనే చూడడం నేర్చుకున్నాము కానీ, కింది అంకె ఎంత ఉండాలో మాకు ఎవరూ నేర్పలేదు. నాకు మాత్రం ఆ వణికే చేతులు చూసి ఆగబుద్ధి కాలేదు. ఆ రాత్రే ఆటో మాట్లాడి నల్లగొండకు తీసుకొని పోయాము.

అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు వచ్చి, వాడుతున్న మందులన్నీ చూపించమన్నారు. థియోఫిలిన్ పేరు చదవగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఏమి తిన్నాడని కాదు, "బీడీ తాగుతడా?" అని. మా తమ్ముడు గర్వంగా, "మానేసిండు సార్, పెత్రమాస నుంచి ముట్టలేదు" అన్నాడు. డాక్టరు తల పట్టుకొని, "మంచి పని చేసిండు. మరి మాత్ర రాసిన డాక్టరుకెందుకు చెప్పలేదు?" అన్నారు. మా అమ్మకు కోపం వచ్చి, "బీడీ మానితె గూడ రోగమొస్తదా సారూ?" అని అడిగేసింది.

ఆయన చెప్పిన సంగతి నాకు అర్థమైనంతలో ఇది. బీడీ, సిగరెట్, చుట్ట పొగలో ఉండే కొన్ని పదార్థాల వల్ల కాలేయం థియోఫిలిన్‌ను మామూలు కన్నా వేగంగా ఖర్చు చేస్తుంది. అందుకే పొగ తాగేవారికి మోతాదు కొంత ఎక్కువ పట్టవచ్చు. పొగ ఆగిన వారం రోజుల్లోనే కాలేయం తన సహజ వేగానికి వస్తుంది. కానీ మాత్ర మాత్రం పాత లెక్కలోనే పడుతూ ఉంటుంది. అప్పుడు మోతాదును పావు వంతో మూడో వంతో తగ్గించవలసి రావచ్చు. ఇక పేపరు పొట్లంలోని గోలీలు సిప్రోఫ్లాక్సాసిన్ కలిసినవి. అది కాలేయంలో థియోఫిలిన్‌ను ఖర్చు చేసే అదే దారికి అడ్డం పడుతుంది. ఇక మెల్లగా కరగవలసిన మాత్రను నూరితే, రోజంతా కొద్దికొద్దిగా దిగవలసిన మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. మా ఊరి చెరువుతో పోల్చుకుంటే, బీడీ మానడం తూమును సగం మూసింది, సిప్రో అలుగు మీద రాళ్లు పేర్చింది, మా అమ్మ కల్వం పై నుంచి వరదను వదిలింది.

ఈసీజీ తీశారు, రక్తంలో పొటాషియం తగ్గిందని సెలైన్‌లో ఎక్కించారు, రెండు మాత్రలూ ఆపేశారు. థియోఫిలిన్ ఎంత ఉన్నదో చూసే పరీక్షకు రక్తం హైదరాబాదుకు పంపితే 27 అని వచ్చింది. మిల్లీలీటరు రక్తంలో అది 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలని పాత లెక్క. వయసు మళ్లినవారికి ఇంకా తక్కువలోనే ఉంచాలని ఇప్పుడు చూస్తున్నారట. పని చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ నడుమ సందు ఇంత ఇరుకుగా ఉన్న మందులు మన ఇళ్లలో ఎక్కువ ఉండవు. మా నాయిన వాంతులతో, వణుకుతో బయటపడ్డాడు. కొందరికి అవేవీ లేకుండా నేరుగా మూర్ఛలు రావచ్చని, గుండె లయ తప్పవచ్చని డాక్టరు చెప్పారు. కాబట్టి వాంతులు కాలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఈ మాత్ర వేసుకునే మనిషికి వాంతులు, వణుకు, దడ, నిద్ర పట్టకపోవడం కొత్తగా మొదలైతే, తరువాతి మాత్ర వేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూర్ఛ వస్తే 108కి ఫోన్ చేయాలి.

ఇంటికి వచ్చిన తరువాత మా నాయిన, "చూసినవా, బీడీయే నన్ను కాపాడింది ఇన్నొద్దులు" అని నవ్వాడు. దయచేసి మీ మామగారి చెవిన ఈ మాట వేయకండి. బీడీ మానవలసిందే. మానుతున్న రోజును ముందుగా డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. మళ్లీ మొదలుపెట్టినా సిగ్గుపడకుండా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు మందు తక్కువై దమ్ము తిరిగి వస్తుంది.

నా అసలు కోపం పేపరు పొట్లం మీద. ఆ రాత్రి ఆ గోలీలు ఏమిటో తెలియడానికి మా అమ్మ చెత్తబుట్టలో దొరికిన, అదృష్టం కొద్దీ పేరు మిగిలిన వెండిరేకు ముక్కను దాచి ఉంచడమే కారణం. స్ట్రిప్పును కత్తిరించేటప్పుడు పేరూ గడువు తేదీ ఉన్న భాగం దుకాణంలోనే మిగిలిపోతుంది, పేరు లేని భాగం మన చేతికి వస్తుంది. రెండు గోలీలు కొన్నా పేరు రాసి ఇవ్వమని అడగడానికి మనకు ఎందుకో మొహమాటం. నా అంచనాలో మన పల్లెల్లో మందులు వికటించే చోట సగం తప్పు మందుది కాదు, ఆ పేపరు ముక్కది. అప్పటి నుంచి మా ఇంట్లో పేరు లేని గోలి ఎవరు ఇచ్చినా, వారు ఎంత మంచివారైనా, నాయిన నోట్లో పడదు.

మిగిలిన మందులతో కలపడం గురించి అడిగారు కదా. సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్కటే కాదు, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, కడుపు మంటకు వాడే సిమెటిడిన్ కూడా థియోఫిలిన్‌ను రక్తంలో పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ దానిని తగ్గిస్తాయి. ఆ మందులు ఆపిన రోజున మళ్లీ పెరుగుతుంది. తీవ్రమైన జ్వరం, కాలేయం జబ్బు, గుండె బలహీనత ఉన్నా మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ పేర్లన్నీ గుర్తు పెట్టుకోవడం మీ పని కాదు. థియోఫిలిన్ స్ట్రిప్పును జేబులో పెట్టుకొని వెళ్లి, ఏ జబ్బుకు ఏ డాక్టరును చూసినా, పంటి డాక్టరైనా సరే, ముందు దానిని బల్ల మీద పెట్టడం మీ పని. చాయ్ కూడా తగ్గించమనండి. చాయ్, కాఫీలలోని కెఫీన్ థియోఫిలిన్‌కు దగ్గరి చుట్టం. రోజుకు ఆరు కప్పులు తాగే మా నాయినకు దడ, నిద్రలేమి దానివల్ల ఇంకా ఎక్కువయ్యాయని డాక్టరు అన్నారు.

ఇంకొక మాట పీల్చే మందు గురించి చెప్పాలి. దానిని వాడితే అలవాటు పడిపోతుందని, అది చివరి దశలో ఉన్నవారికి ఇచ్చేదని మా వైపు గట్టి నమ్మకం. నలుగురిలో నోట్లో పెట్టుకుంటే పరువు పోతుందన్నది దానికి తోడు. నిజానికి ఈ జబ్బుకు ఇప్పటి వైద్యంలో పీల్చే మందులదే మొదటి స్థానం. అవి దొరకనప్పుడో, కొనలేనప్పుడో థియోఫిలిన్ దాకా రావాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మా నాయిన అటక మీది డబ్బాను సరిగ్గా వాడి ఉంటే ఆయనకు ఈ మాత్రతో పని ఉండేదే కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఇప్పుడు ఆయన గొట్టం లాంటి స్పేసర్ పెట్టి రెండు పూటలా పీలుస్తున్నాడు, థియోఫిలిన్ పూర్తిగా మానేశారు. మీ మామగారికి మాత్ర ఎందుకు రాశారో, పీల్చే మందు సరిపోదా అని మీ డాక్టరును ఒకసారి అడగండి. కానీ పైన చెప్పిన వాంతులు, వణుకు, దడ లాంటివి లేనప్పుడు మీ అంతట మీరు మాత్ర ఆపకండి.

ఇక భోజనం సంగతి. ముందు వేయాలా తరువాత వేయాలా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఎందుకంటే కొన్ని రకాలు నూనె ఎక్కువున్న భోజనంతో వేస్తే త్వరగా కరిగిపోతాయి. డాక్టరు ఏది చెబితే అది రోజూ అదే వేళకు, అదే పద్ధతిలో చేయాలి. దుకాణంలో ఇంకొక కంపెనీ మాత్ర ఇస్తే అడగకుండా మార్చకండి. నమలకూడదు, నూరకూడదు. నడుమ గీత ఉన్నదని సగానికి విరవాలన్నా అడిగి విరవండి. ఒక పూట మరచిపోతే మరుసటి రోజు రెండు కలిపి వేయకండి, మామూలుగా ఒక్కటే వేయండి. మింగలేకపోతే ఆ సంగతి డాక్టరుకు చెబితే మింగడానికి వీలయ్యే వేరే మందు రాస్తారు.