అధ్యాయాలకు పేర్లు పెట్టేది మనం కాదు

మొదటి నవల రాస్తున్నాను, అధ్యాయాలకు అర్థవంతమైన పేర్లు ఎలా పెట్టాలి, అంకెలు వేసి వదిలేస్తే తప్పా అని అడిగారు. తప్పేమీ లేదు. కానీ మీరు వదిలేసినా పాఠకులు వదలరు. పోతన భాగవతంలో స్కంధాలకు ఉన్నవి వరస అంకెలే. అయినా మా అమ్మ ఏనాడూ "అష్టమ స్కంధం చదువుకుంటున్నాను" అనలేదు. ఒకరోజు గజేంద్ర మోక్షం అనేది, ఇంకోరోజు వామన చరిత్ర అనేది. రెండూ ఆ స్కంధంలోవే.

ఇది నాకు ఆలస్యంగా, అదీ ఒక డీటీపీ కుర్రాడి వల్ల తెలిసింది.

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒక నవల రాశాను. ఇరవై రెండు అధ్యాయాలు. మొదట పెట్టిన పేర్లు చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది: అంతర్మథనం, సంఘర్షణ, ఊహించని మలుపు. మలుపు ఉందని పైన రాసిపెట్టాక ఇక ఊహించనిది ఏముంటుంది? పైగా ఆ పేర్లను పీకి ఎవరి నవలకు అతికించినా చక్కగా అతుక్కుంటాయి. వాటిని కొట్టేసి, ఈసారి ఉన్నదున్నట్టు పెట్టాను. పద్నాలుగో అధ్యాయంలో ఇంటి పెద్దావిడ పోతుంది కాబట్టి దాని పేరు "రాజేశ్వరి మరణం". ఎంత నిజాయితీ!

రాతప్రతి పట్టుకెళ్లి విజయవాడ గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటర్లో ఇచ్చాను. ఫోనులో టైపు చేసి పంపవచ్చు కదా అని మా అబ్బాయి సణుగుడు. ఒకసారి పంపి చూశాను. అది ప్రెస్సు ఫాంటులోకి మారేసరికి ఒత్తులన్నీ చెల్లాచెదురై, వాటిని ఏరుకోవడానికి వారం పట్టింది. కాగితమే నయం.

పది రోజుల తర్వాత రాత్రి ఎనిమిదింటికి ఆ కుర్రాడి నుంచి ఫోను.

"మేడమ్, రాజేశ్వరమ్మగారు చనిపోతారా?"

"ఎక్కడి దాకా వచ్చావు బాబూ?"

"పదకొండులో ఉన్నాను. విషయసూచిక ముందే కొట్టేశాను. అందులో చూశాను." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడకు జ్వరం వచ్చింది కదా, తగ్గుతుందేమో అనుకుంటున్నానండీ" అన్నాడు.

నా నవలకు అతనే మొదటి పాఠకుడు. అతని మూడు అధ్యాయాల ఆశను నేను విషయసూచికలోనే తుంచేశాను.

భారతంలో భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలు లేవా, ద్రోణ పర్వం అనగానే భీష్ముడి పని అయిపోయిందని తెలియడం లేదా అని మీరు వాదించవచ్చు. తెలుస్తుంది. కానీ అవి సేనాపతుల పేర్లు. ఒకరు పది రోజులు, ఒకరు అయిదు, ఒకరు రెండు, చివరాయన సగం రోజు. ఆ కథ తెలియనివారు లేరు, ఎలా పడ్డారన్నదే అక్కడ రుచి. మా రాజేశ్వరమ్మ ఎవరికి తెలుసు? నన్నడిగితే అన్నిటిలోకీ గొప్ప పేరు సుందరకాండ. మిగతా కాండల పేర్లు బాల్యమో, చోటో, యుద్ధమో చెప్పేస్తాయి. సుందరం ఎవరు, ఏది అన్నది ఇప్పటికీ తేలలేదు, పౌరాణికులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు.

నాలుగు రోజులకు మళ్లీ ఫోను. "మేడమ్, ఆ తాళంచెవుల అధ్యాయం అయిపోయింది. ప్రూఫు తీసుకెళ్లండి."

తాళంచెవుల అధ్యాయమా? నేను అలాంటిది రాయలేదే! వెళ్లి చూస్తే పద్నాలుగోది. పెద్దావిడ పోయాక ఆవిడ బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి తీయడానికి ముగ్గురు కోడళ్లలో ఎవరికీ చెయ్యి రాదు. మొత్తం మూడు వాక్యాలు. నేను చెమటోడ్చి రాసిన మరణ ఘట్టం నాలుగు పేజీలు. అతనికి మిగిలింది ఆ గుత్తి.

అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని, మిగతా అధ్యాయాలను ఏమని పిలుచుకుంటున్నావని అడిగాను. "జాడీ పగిలినది", "వాయిదాది", "రెండు గ్లాసుల మజ్జిగ" అని చెప్పుకుంటూ పోయాడు. తొమ్మిదోదాన్ని మాత్రం "ఆ పొడుగుదండీ" అన్నాడు. దానికి పేరు వెతకలేదు, ఆరు పేజీలు కోసేశాను. కాబట్టి మీరు కూడా రాసేటప్పుడు పేర్ల జోలికి వెళ్లకండి. అంతా అయ్యాక సాహిత్యంతో సంబంధం లేని ఒకరి చేత చదివించి, ఒక్కో అధ్యాయం గురించి ఏమని చెబుతారో వినండి. తోటి రచయితలకు మాత్రం ఇవ్వకండి, వాళ్లు మళ్లీ అంతర్మథనమే అంటారు.

మంచి పేర్ల వల్ల ఇంకో లాభం. ఆవిష్కరణ సభల్లో విషయసూచిక మాత్రమే చదివి వచ్చి అరగంట మాట్లాడే వక్తలు ఉంటారు. మా సభలో ఒకాయన "రెండు గ్లాసుల మజ్జిగ" దగ్గర ఆగి, రచయిత్రి పల్లె ఆతిథ్యాన్ని అద్భుతంగా చిత్రించారన్నారు. ఆ అధ్యాయంలో అన్నదమ్ములు ఆస్తి పంచుకుని, ఆ మజ్జిగ ముట్టకుండా లేచిపోతారు.

ఇంతా చేసి, చివరి ప్రూఫు నేనే దిద్దాను. విషయసూచికలో "తాళంచెవులు" అని మార్చి, లోపల అధ్యాయం మీద మార్చడం మరిచిపోయాను. అచ్చయిన అయిదు వందల ప్రతుల్లోనూ అక్కడ "రాజేశ్వరి మరణం" అనే ఉంది. ఆ కుర్రాడికి ఒక ప్రతి ఇచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూసి, ఏమీ అనకుండా జేబులోంచి పెన్ను తీశాడు.