బ్లాకులు లేకపోయినా గుండె ఎందుకు పట్టేస్తుంది?

ప్రశ్న: నాన్నగారికి చాలా ఏళ్లుగా బీపీ. ఎకోలో గుండె గోడ మందమైందన్నారు. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు. అయినా ఇంద్రకీలాద్రి మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటారు. ఎందుకండీ?

పెద్దవాళ్లలో గుండె కండర కణాలు కొత్తగా పుట్టడం చాలా తక్కువ, ఏడాదికి సుమారు 1 శాతం లోపే. అందుకే బీపీ భారం మోయడానికి ఉన్న కణాలే లావెక్కుతాయి. లోపల సంకోచించే పోగులు పక్కపక్కన చేరి, గోడ మందమవుతుంది.

చిక్కంతా రక్తం దగ్గరే. మామూలుగా ఒక్కో కణానికి దాదాపు ఒక కేశనాళిక (అతి సన్నని రక్తనాళం) ఉంటుంది. కణం లావైనంతగా ఇవి పెరగవు. ఆయకట్టు పెరిగింది, కాలువ మాత్రం అదే! ఆక్సిజన్ కణం నడిమధ్యకు చేరాల్సిన దూరం పెరుగుతుంది. పైగా సన్నని ధమనుల గోడలూ దళసరెక్కుతాయి, చుట్టూ పీచు కణజాలం పేరుకుంటుంది. ఎడమవైపు కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడే. మెట్లెక్కుతూ వేగంగా కొట్టుకుంటే ఆ వ్యవధి తగ్గి, లోపలి పొర ముందుగా అలమటిస్తుంది. యాంజియోగ్రామ్‌లో కనిపించేవి పెద్ద ధమనులే, ఈ సన్నవి కావు.

బీపీ అదుపులో ఉంటే మందం నెలల మీద కొంత తగ్గుతుంది. నొప్పి సంగతి మాత్రం కార్డియాలజిస్టుకు చెప్పాల్సిందే, బెజవాడ ఎండ మీదకు తోసేయకండి. కూర్చున్నప్పుడు కూడా వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.